నీలిమెట్ట సర్కారు తేనెటీగలు

నీలిమెట్ట ఎంత ఎత్తని అడిగితే కిందనున్న గుమ్మడంపేట వాళ్ళు అడుగుల్లోనూ గజాల్లోనూ చెప్పరు. పొద్దున్న కొండ నెత్తి మీద ఎవడైనా తుమ్మితే కింద వాళ్ళకి మధ్యాహ్నం భోజనాల వేళకి వినిపిస్తుందట. అప్పుడు ముద్ద కంచంలో పెట్టి తీరుబడిగా "చిరంజీవ" అంటారట. ఇందులో అబద్ధం పాలు కొంత ఉంటే ఉండొచ్చు గాని, ఆ కొండ మీద మంచుగొబ్బి పూసేదన్న మాటలో మాత్రం నీళ్ళు కలపలేదు.

మంచుగొబ్బిని ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. మోకాలెత్తు మొక్క. మార్గశిరంలో మంచు దిగేసరికి కొండ నడుం నించి నెత్తి దాకా నీలంగా పూసేది. తెల్లారగట్ల విచ్చుకుని, ఎండ చురుక్కుమనగానే ముడుచుకుపోయేది. కింద పచ్చగా పూసే వలిసె నూనెగింజల చేలల్లో పని ముగించుకున్న తేనెటీగలు సరిగ్గా ఆ మార్గశిరానికే కొండెక్కి, ఈ మొక్క పుప్పొడి ఆ మొక్కకీ, ఆ మొక్కది ఈ మొక్కకీ అంటించి పోయేవి. కాయ కట్టేది, గింజ రాలేది, మళ్ళీ మొలిచేది. ఇదంతా ఒక్క జీవో అయినా లేకుండా తరతరాలుగా జరిగిపోయిందంటే ఏ అధికారీ అటు చూడకపోవడమే కారణం.

తర్వాత కాలం తిరగబడింది. కొండ మీద కూడా రాత్రుళ్ళు దుప్పటి అక్కర్లేకపోయింది. ఆ ఉక్కకి మంచుగొబ్బి కంగారుపడి ఆశ్వయుజంలోనే పూసెయ్యడం మొదలెట్టింది. తేనెటీగలకి ఈ కబురు ఎవరు చెప్తారు? అవి పాత అలవాటున వలిసె పూత ముగించుకుని మార్గశిరంలోనే వచ్చేవి. వచ్చేసరికి ఎండు కాడలు పలకరించేవి. గింజ లేదు, కొత్త మొలక లేదు. అడుగున మొక్కలు మాడిపోతూ, పైవి బతుకుతూ, నీలం ఏటికేడు కొండెక్కి ఎక్కి, చివరికి నెత్తి మీద ఒక పెళ్ళిపందిరంత మేర మిగిలింది. దాని పైన ఇక కొండ లేదు. ఆకాశం ఉంది గాని, అందులో వేరు దిగదు.

ఆ పందిరంత నీలానికి కాపలాదారు అప్పలసూరి. పెళ్ళినాటికి టెంపరరీ వాచరు, ఇప్పుడు జుట్టు నెరిసినా టెంపరరీ వాచరే. "నా మొగుడు నాకు పెర్మనెంటు, సర్కారుకి టెంపరరీ" అని అతని పెళ్ళాం పైడితల్లి నూతి దగ్గర చెప్పుకుని నవ్వేది. సూరి నవ్వేవాడు కాదు. పర్మనెంటు అయితే చాలు, తను నవ్వేది అప్పుడేనని నవ్వంతా కూడబెట్టుకున్నాడు.

ఆ ఏడు పట్నంలో పూల మోజు బయల్దేరింది. పెద్దలందరూ కోటుకి ఒక అడవిపువ్వు బొమ్మ తగిలించుకుని సభలు చేశారు. సభలయ్యాక ఒక విభాగం పుట్టింది: వన్యపుష్ప సంతానాభివృద్ధి విభాగం. దానికి ప్రత్యేకాధికారి పరాంకుశం గారు. ఆయన అంతకు ముందు బస్టాండు మరుగుదొడ్ల ప్రత్యేకాధికారిగా పేరు తెచ్చుకున్నారు. అక్కడా వేళకి తెరవడం, వేళకి మూయడమే పని కాబట్టి, పువ్వుల విషయంలో ఆయనకి అనుభవం ఉన్నట్టే అనుకున్నారు.

పరాంకుశం గారు కొండ కింద షామియానా వేయించి మొదటి సమీక్ష జరిపారు.

"పువ్వు నిర్ణీత సమయానికి ముందే హాజరైనది. ముందుగా హాజరగుట నేరము కాదు. ఈగ ఆలస్యముగా హాజరైనది. అదియే నేరము. ఇందులో సందిగ్ధతకు తావెక్కడ?"

వెనక వరసలో సూరి చెయ్యెత్తాడు. "బావూ, తప్పు ఈగది కాదండి. ఎండలు ముదిరిపోనాయండి. రాత్రేల కూడా సల్లబడ్నేదు."

"ఎండ మన విభాగము కాదు" అన్నారు పరాంకుశం గారు, ఎంతో దయగా.

ఆ సాయంత్రమే తేనెటీగలను సేవల నుండి తొలగిస్తూ ఉత్తర్వు వెలువడింది. తొలగింపు ఉత్తర్వు చేతికి అందించాలి గనక, దాన్ని కొండవాలున చట్రాయి బండ కిందున్న తేనెపట్టుకి అంటించి రమ్మని సూరిని పంపారు. సూరి అంటించాడు. తేనెటీగలు కూడా మర్యాద తప్పలేదు. కాయితం ముట్టినట్టుగా అతని రెండు చెంపల మీదా, ఒక చెవి మీదా నిశానీలు వేసి పంపాయి. గుమ్మడికాయంత మొహంతో దిగివచ్చిన సూరిని చూసి పరాంకుశం గారు సంతృప్తిగా తలూపి, "ముట్టినది" అని రాసుకున్నారు.

ఈగల్ని తీసేశాక ఈగల పని ఎవరు చెయ్యాలి? మనుషులే చెయ్యాలి. అలా సర్కారు తేనెటీగల నియామకాలు జరిగాయి. గుమ్మడంపేటలో పనీపాటా లేని కుర్రాళ్ళందరూ ఈగలైపోయారు. సూరిని వాళ్ళ మీద పెద్ద ఈగని చేశారు. ప్రతివాడికీ పసుపు నలుపు చారల చొక్కా, బొమ్మలేసుకునే కుంచె ఒకటి, వీపుకి తగిలించుకోడానికి ప్లాస్టిక్కు రెక్కలు. రెక్కలెందుకని ఒకడు అడిగాడు. ఎగరనక్కర్లేదు గాని రెక్కలు లేనివాడిని ఈగగా గుర్తించే వీలు నిబంధనల్లో లేదన్నారు. ఎవరైనా పొరపాటున ఎగిరినా ప్రయాణభత్యం రాదని కూడా అప్పుడే తేల్చేశారు.

పరాంకుశం గారు కొత్త ఈగలనుద్దేశించి ప్రసంగించి, ఆఖర్న అసలు మాట చెప్పారు. "ఈ సంవత్సరము గింజ కట్టినచో అప్పలసూరి సర్వీసు క్రమబద్ధీకరించబడును. గింజ కట్టనిచో పథకము రద్దు, అందరును ఇంటికి."

సూరి చారల చొక్కా తొడుక్కుని ఇంటికెళ్ళాడు. పైడితల్లి గుమ్మంలో చేట పట్టుకుని నిలబడిపోయింది.

"ఏటి మావా, పండగేదీ నేదు, ఈ పులేసం ఏటి?"

"పులి కాదే. ఈగ."

"ఓలమ్మ! పులేసానికి మీసాలైనా ఉంటాయి గదా!"

"నవ్వకే. గింజ కడితే నాను పెర్మనెంటు."

పైడితల్లి నవ్వు ఆపి, అతని రెక్క ఒకటి వంకరగా ఉంటే సరిచేసింది. "ఐతే కట్టించు మావా. ఇన్నాళ్ళకి ఒక దారి దొరికింది. కట్టించు."

కట్టించడానికి సూరి శాయశక్తులా పాటుపడ్డాడు. మొదటి చిక్కు వేళల దగ్గరొచ్చింది. కచేరీ వేళ పదిన్నర. మంచుగొబ్బి తెల్లారగట్ల విచ్చుకుని ఎనిమిదికల్లా ముడుచుకుంటుంది. ఈగలందరూ సంతకాలు పెట్టి, రెక్కలు తగిలించుకుని, కుంచెలు పట్టుకుని కొండెక్కేసరికి పువ్వులన్నీ పిడికిళ్ళు బిగించి కూర్చునేవి. కుర్రాళ్ళు పాపం వాటిని బుజ్జగించి చూశారు, బతిమాలి చూశారు, ఒకడు గిలిగింతలు కూడా పెట్టాడు.

"బావూ, తెల్లారగట్ల ఎల్లిపోతామండి. కూలెక్కువ అడగమండి" అన్నాడు సూరి.

"కచేరీ వేళలకు పూర్వము విధులు నిర్వహించుట అనగా అదనపు పని. అదనపు పనికి ఆర్థిక శాఖ సమ్మతి కావలెను. సమ్మతి లేకుండ నీవు పని చేసినచో నేను నీపై చర్య తీసుకొనవలసి వచ్చును. అది నాకు బాధాకరము." అంతలో ఆయనే అన్నారు: "పువ్వునే పదిన్నరకు రమ్మని ఏల చెప్పరాదు?"

పువ్వుకి చెప్పి చూసే బాధ్యత ఒక ఉపసంఘానికి అప్పగించారు. ఉపసంఘం పువ్వుల మీద నల్ల గొడుగులు పట్టించింది, పొద్దు ఇంకా పొడవలేదని వాటిని నమ్మించడానికి. పువ్వులు నమ్మలేదు. ఒక్క ఉపసంఘం మాత్రం నమ్మి, గొడుగుల కింద చక్కగా నిద్రపోయింది.

ఎలాగో బతిమాలి బామాలి సూరి తెల్లవారుజాము పనికి అనుమతి సంపాదించేసరికి సగం పూత రాలిపోయింది. మిగతా సగానికి అసలు చిక్కు అప్పుడు బయటపడింది.

కొండ నెత్తి మీద మధ్యగా సున్నం కొట్టిన రాళ్ళ గీత ఒకటుంది. అడవిశాఖ పంపకంలో గీతకి తూర్పు మేర ఒక బీటు, పడమటి మేర ఇంకో బీటు. తూర్పు మొక్కలన్నీ ఒకే తల్లి వేరు పిలకలు, పడమటి మొక్కలన్నీ ఇంకో తల్లివి. ఒక తల్లి పిలకల్లో వాటి పుప్పొడి వాటికి పట్టదు. తూర్పుది పడమరకి రావాలి, పడమటిది తూర్పుకి పోవాలి. తేనెటీగలైతే గీత చూసేవి కావు. చదువుకోలేదు మరి. సర్కారు ఈగలకి అలా కుదరదు. అడవిలో పుల్ల ముక్క ఒక బీటు నించి ఇంకో బీటుకి కదలాలన్నా రవాణా పర్మిట్టు ఉండాలి, దుంగ మొదట్లో ముద్రసుత్తితో కొట్టిన ముద్ర ఉండాలి. అది అడవి కట్టు.

"పుప్పొడి అడవిలో పుట్టినదా కాదా?" అని అడిగారు పరాంకుశం గారు.

"పుట్టిందండి."

"కనుక అది అటవీ ఉత్పత్తి. ముద్ర లేనిదే గీత దాటరాదు."

ముద్రసుత్తి వచ్చింది. టేకు దుంగల మీద కొట్టే సుత్తి, తల ఒక్కటే కొబ్బరికాయంత ఉంది. సూరి తూర్పు పువ్వు నించి కుంచెతో ఒక నలుసు పుప్పొడి తీసి, గీత దగ్గర చదును రాయి మీద ఆకు పరిచి, ఆకు మధ్య పెట్టాడు. పరాంకుశం గారు స్వయంగా కొబ్బరికాయ కొట్టి, "కానిమ్ము" అన్నారు. సూరి సుత్తి ఎత్తి దించాడు. కొండ దద్దరిల్లింది. కింద గుమ్మడంపేటలో ఆవులు పలుపుతాళ్ళు తెంపుకున్నాయట. ముద్ర రాయి మీద ఎంతో స్పష్టంగా పడింది. పుప్పొడీ ఆకూ మాత్రం కనబడలేదు.

"ముద్ర సక్రమముగా ఉన్నది" అని పరాంకుశం గారు ప్రోత్సహించారు. "సరుకు జాగ్రత్తగా నిలబెట్టుకొనుట నీ బాధ్యత."

పూత ముగిసేదాకా సూరి సుత్తి ఎత్తుతూ దించుతూనే ఉన్నాడు. కాయ ఒక్కటీ కట్టలేదు. చివరికి గీతకి అటూ ఇటూ ముడుచుకున్న మొగ్గలు కొన్ని మిగిలాయి. సూరి రాత్రి అన్నం ముందు కూర్చుని, "అయిపోనాది. ఇంక ఇంటికే" అన్నాడు. పైడితల్లి మజ్జిగ కొంచెం ఎక్కువ పోసింది.

అప్పుడు, ఎవరి ఉత్తర్వూ లేకుండా, చలి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా రానిది, దారి తప్పి వచ్చిన చుట్టంలా వచ్చి కొండ మీద కూర్చుంది. ఆ చలికి మిగిలిన మొగ్గలు విచ్చుకోకుండా బిగబట్టుకున్నాయి. వలిసె చేలు పూత అయ్యేదాకా బిగబట్టుకున్నాయి.

ఆదివారం సర్కారు ఈగలకి సెలవు. సూరి తెల్లారేసరికి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కొండెక్కాడు. చూడ్డానికి ఇంక వచ్చే ఏడు పువ్వుండదని. మంచు మోకాళ్ళ దాకా ఉంది. మొగ్గలన్నీ ఒక్కసారే విచ్చుకుని ఉన్నాయి. వాటి మీద గుయ్యిమని ఒకటే మోత. తేనెటీగలు తూర్పు నించి పడమరకి, పడమర నించి తూర్పుకి, సున్నపు గీత మీదుగా రాజమార్గంలో తిరుగుతున్నాయి. వాటి కాళ్ళకి అంటుకున్న పుప్పొడి ఒక్క దాని మీదా ముద్ర లేదు.

"నీ ఉజ్జోగం సేసీడానికి వొచ్చీసినారు మావా, నీ బందుగులు!" అంది పైడితల్లి.

సూరి అరిచేతుల్ని చంకల్లో పెట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఎండ పడి పువ్వులు ముడుచుకునేదాకా ఇద్దరూ కదల్లేదు.

కాయ కట్టింది. సన్నగా, పచ్చగా, బార్లీ గింజ కన్నా కాస్త పొడుగ్గా, నిజం కాయ. ఆ సంగతి పట్నానికి పాకి ఆడిట్ అధికారిణి త్రిపురాంబ గారు డోలీ మీద కొండెక్కి వచ్చారు. ఆవిడ కళ్ళజోడులోంచి ఒకసారి, పై నించి ఒకసారి కాయల్ని చూసి, "ఇది ఎవరి నిర్వాకం?" అన్నారు.

పరాంకుశం గారు సూరిని రాయి చాటుకి తీసుకెళ్ళారు. ఆయన గొంతు మొట్టమొదటిసారిగా మామూలు తెలుగులోకి దిగింది. "ఒరేయ్ సూరీ, మేమే చేశామని చెప్పు. నేనూ అదే చెప్తాను. రేపు పొద్దున్నకి నువ్వు పర్మనెంటు. పథకం ఇంకో పది కొండలకి పాకుతుంది."

"మరి ఈగలండి?"

"ఇంకా ఈగలేమిట్రా? వచ్చే ఏడు అవి కొండెక్కకుండా చట్రాయి కింద పొగబెట్టించే పూచీ నీది. అవి వచ్చి మళ్ళీ కాయ కట్టించాయంటే మనకి పనేముంది?"

సూరి కాయల వైపు చూశాడు. సుత్తి దెబ్బలకి ముఖం చితికిపోయిన రాయి వైపు చూశాడు. పర్మనెంటు అన్న మాట నోట్లో బెల్లమ్ముక్కలా ఉంది. దాన్ని చప్పరిస్తూనే త్రిపురాంబ గారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"చెప్పు. మీ పనేనా?" అన్నారావిడ.

"కాదమ్మగోరూ. ఈగలండి. నిజం ఈగలు. ఆదోరం పొద్దున్న గీతకి అటూ ఇటూ తిరుగుతుంటే నాను నిలబడి సూసినాను."

పరాంకుశం గారు ఆకాశం వైపు చూశారు. త్రిపురాంబ గారు పాత కాయితాలు తిరగేసి కనుబొమలెత్తారు. "ఏ ఈగలు? తొలగింపబడిన ఈగలా? తొలగింపబడిన సిబ్బంది, సెలవు దినమున, పర్మిట్టు లేకుండ, బీటు సరిహద్దు దాటి, వేతనము తీసుకొనకుండ విధులు నిర్వహించినారా? వేతనము లేకుండ పని చేయించుకొనుట వెట్టిచాకిరీ అని తెలియునా పరాంకుశం గారూ?"

"నేను చేయించలేదండీ!"

"చేయుచుండగా ఇతడు చూచుచు నిలబడినాడు కదా!"

తీర్పు అక్కడికక్కడే అయిపోయింది. పథకం రద్దు. సూరికి ఉద్వాసన. పోతే, కాయలు అక్రమంగా కట్టినవి గనక, విచారణ ముగిసేదాకా వాటిని కోసి, గోనెసంచిలో పోసి, లక్కముద్ర వేసి, జప్తు సరుకులు దాచే కచేరీ మాల్ఖానాలో భద్రపరచాలి.

"విచారణ ఎన్నాల్లవుతాదమ్మగోరూ?"

"ఈగలు తమ వాంగ్మూలము ఇచ్చు వరకు."

రాత్రి ఈ మాట విని పైడితల్లి లేచి కొడవలి తీసింది. "పోదాం పద మావా. ఆళ్ళ కన్నా ముందే కోసి దాసీదాం."

"పచ్చివే, పైడితల్లీ. రేపటికి గాని ముదరవు. ఇప్పుడు కోస్తే మనమే సంపినట్టు."

మర్నాడు జప్తు దళం కొండెక్కింది. పరాంకుశం గారు, త్రిపురాంబ గారు, లక్క కరిగించడానికి ఒక పొయ్యి, నిన్నటి ఈగలే, రెక్కలైనా విప్పకుండా, నేటి జప్తు సిబ్బంది. ఊరివాళ్ళలో ఒకడు సాక్షిగా ఉండాలి గనక, ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్నవాడని సూరినే తీసుకెళ్ళారు. ముహూర్తం చూసుకుని కొయ్యబోయేసరికి సంచీకి ముద్ర ముందా కాయలు ముందా అన్న చర్చ వచ్చింది. చర్చ మధ్యాహ్నం దాకా సాగింది. ఈలోగా ఎండకి కాయలు పచ్చదనం వదిలి గోధుమరంగుకి తిరిగాయి. సూరి ఒక రాయి మీద కూర్చుని ఆ రంగు తిరగడమే చూస్తున్నాడు. సాయంత్రానికి కాయలే ముందని తేలింది. పరాంకుశం గారు సంచి మూతి విప్పి పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడు ఒక మబ్బుతునక కొండ నెత్తి మీదకొచ్చి నాలుగు చినుకులు రాల్చింది.

తడి తగిలిన మొదటి కాయ 'టప్'మంది. పక్కది 'టప్'మంది. ఆ తర్వాత లెక్క తెలియలేదు. టపటపటపా కొండ నెత్తంతా దీపావళి అయిపోయింది. గింజలు తుపాకీ రవ్వల్లా నాలుగు దిక్కులకీ లేచాయి. పరాంకుశం గారి బట్టతల మీద తగిలి ఒకటి, త్రిపురాంబ గారి కళ్ళజోడు మీద తగిలి ఒకటి ఎగిరి ఉత్తరం వాలుకి దూకాయి. ఆ వాలు మీద ఎండ పడదు. పెద్ద బండల నీడన మధ్యాహ్నం కూడా చెమ్మ ఆరదు. దాడి జరుగుతోందనుకుని జప్తు దళం రెక్కలున్నాయని మరిచి నేల మీద బోర్లా పడుకుంది.

"పట్టుకొనుడు! ప్రభుత్వ సొత్తు!" అని త్రిపురాంబ గారు కేకలేశారు. ఎవరు పట్టుకుంటారు? ఆవగింజంత గింజ, నల్లటి మట్టి, పైన చినుకు. నిశ్శబ్దమయ్యాక ప్రతి కాయా నోరు తెరిచి, లోపల ఖాళీగా, పరాంకుశం గారి సంచి వైపు చూస్తోంది.

పంచనామాలో ఏం రాయాలన్న దాని మీద చాలాసేపు తర్జనభర్జన పడి, చివరికి ఇలా రాశారు: "జప్తు చేయవలసిన సొత్తు జప్తు సమయమున స్వయముగా పరారీ అయినది." సూరి దాని కింద వేలిముద్ర వేశాడు. అంతసేపూ పెదాలు బిగించి, కిందకి దిగి నూతి దగ్గర పైడితల్లి కనపడేదాకా ఆగి, అప్పుడు నవ్వడం మొదలెట్టాడు. ఆమె నీళ్ళ బిందె దించి, ఎందుకో తెలీకుండానే తనూ నవ్వింది.

పరారీ అన్న మాట రాసిన తర్వాత పరారీ అయినవాటిని వెతక్కపోతే తప్పు. వెతకడానికి ఒక ప్రత్యేక గాలింపు విభాగం పుట్టింది. గాలింపు ఎప్పటికి ముగుస్తుందో తెలియదు గనక, అందులో ఉద్యోగం టెంపరరీగా ఇవ్వడం నిబంధనలకి విరుద్ధమన్నారు. రోజూ ఆ కొండెక్కి దిగగలవాడు గుమ్మడంపేటలో ఒక్కడే ఉన్నాడు. అలా అప్పలసూరి పర్మనెంటయ్యాడు. పని ఒక్కటే: మంచుగొబ్బి మొలక ఎక్కడ కనబడినా వేరుతో పెకలించి మాల్ఖానాకి హాజరు పరచడం.

ఆ ఏడు ఎండలు ఇంకా ముదిరాయి. చలి మళ్ళీ దారి తప్పి వస్తుందో రాదో ఎవరూ చెప్పలేకపోయారు. ఎండకి మెమో ఇచ్చే విభాగం ఇంకా పుట్టలేదు. మొదటి వానలు పడ్డాక ఒకనాడు పరాంకుశం గారు గాలింపు పనులు తనిఖీకి వచ్చి, మోకాళ్ళు సహకరించక, కొండ నడుం దగ్గర బండ మీద కూర్చుని పైకి కేకేశారు.

"ఏమిరా సూరీ! జాడ ఏమైనా దొరికినదా?"

ఉత్తరం వాలు మీద, బండల నీడన, సూరి ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. రెండో కాలు గాల్లో ఉంది. ఎక్కడ దించుదామన్నా రెండేసి ఆకుల మొలకలు, నేలంతా జీలకర్ర పోసినట్టు. వెనక పైడితల్లి అతని నడుం పట్టుకుని పడకుండా ఆపుతోంది.

"సెప్పీ మావా, ముసిలాయన ఎదురుసూస్తన్నాడు" అంది గుసగుసగా.

సూరి కాలు గాల్లోనే ఉంచి, గొంతు సవరించుకుని కేకేశాడు.

"ఎక్కడా ఒక్కటీ నేదు బావూ! అడుగెట్టడానికైనా కనబడ్నేదు!"